కొండ కింద పోయే రైలు

ప్రియమైన అక్కకి,

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరాలు రాసుకునే అక్కచెల్లెళ్ళం మనమే. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగితే ఒంటికాలి మీద లేస్తావు కాబట్టి అడగను.

మీ మరిది కళ్ళ సంగతి తేలిపోయింది. వెలుతురు తగ్గితే ఇప్పటికే ఆయనకి ఏమీ కనబడటం లేదు. పగటి చూపు కూడా ఈ ఏడాది దాటితే గొప్పేనట. మధ్యమధ్య ఉన్నట్టుండి చీకటి కమ్మినా కంగారుపడొద్దని డాక్టరు చెప్పాడు. నేను ఏడుస్తూ బయటికొచ్చాను. ఆయన మెట్లు దిగుతూ అన్న మొదటిమాట, "అయితే మంచుకొండలు చూడకుండానే అయిపోతుందన్నమాట." చిన్నప్పుడు వాళ్ళ నాన్న దుకాణంలో గోడకి ఒక క్యాలెండరు ఉండేదట. ఆ కొండల బొమ్మ కింద కూర్చునే ఎక్కాలు బట్టీపట్టేవారట. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఈ ముక్క నాకు ఆ మెట్ల మీదే తెలిసింది.

అందుకని విదేశం వెళ్దామనుకుంటున్నాం, మేమిద్దరమే. టూర్ల కంపెనీవాళ్ళు ఒక బస్సునిండా జనాన్ని ఎక్కిస్తామనీ, ముందొకడు జెండా పట్టుకుని నడుస్తాడనీ అన్నారు. ఈయన వినగానే లేచొచ్చేశారు. "మీ అక్కకి రాయి. జన్మలో ఊరు దాటకపోయినా ఊళ్ళన్నిటికీ బస్సులు నడిపిన మనిషి కదా," అని నవ్వారు. వెక్కిరింతే అనుకో. కానీ ప్రయాణం టైంటేబుల్ నువ్వు వేస్తే ధీమాగా ఉంటుందని ఆయనకీ తెలుసు.

విమానాలు, దిగాక రైళ్ళు, టాక్సీలు, అన్నీ నువ్వే చూడు. ఆయన ఆ కొండలు చూడాలి, అంతే. మిగతావి చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే.

నీ చిన్ని

—

ప్రియమైన చిన్నికి ఆశీస్సులు.

నా మోకాళ్ళు నావి. వాటి యోగక్షేమాలు నేను చూసుకుంటాను.

మరిదిగారి కళ్ళ గురించి చదివి విచారించాను. ఆయన నన్ను వెక్కిరించారని తెలిసి ఆ విచారం కొంత తగ్గింది. వారికి చెప్పు: నేను ఊరు దాటలేదన్నది నిజం. దాటినవాళ్ళెవరూ నా టైంటేబుల్ వల్ల దారిలో చిక్కుకుపోలేదన్నదీ నిజమే.

బస్సుల సంస్థలో ఉద్యోగమంతా నేను నేర్చుకున్న సంగతి ఒకటే. ప్రయాణం బండిలో చెడిపోదు; ఒక బండి దిగి మరో బండి ఎక్కే నడుమ చెడిపోతుంది. నేను వేసేది ఆ నడుమను. ఎంతసేపు ఆగాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ గుమ్మంలోంచి బయటికి రావాలి, ఇవన్నీ కనుక్కుని రాస్తాను. అందుకు నాదొక షరతు. నేను రాసి ఇచ్చాక ఎవరూ ఏ కారణం చేతనూ అందులో ఒక్క బండి కూడా మార్చకూడదు. మార్చినవారికి నేను రెండోసారి వేయను. మా పై అధికారికే వేయలేదు.

నీకు ఇది ప్రత్యేకించి చెప్పవలసి వస్తోంది. అమ్మ ఆఖరి రోజున నేను బండి పేరుతో సహా టెలిగ్రాం ఇచ్చాను. మీరు అప్పుడు సముద్రం ఒడ్డున విహారంలో ఉన్నారు. నువ్వు ఆ బండి తప్పించుకుని, మర్నాడు అంతా అయిపోయాక తీరికగా దిగావు. అమ్మ తలుపువైపే చూస్తూ పోయింది. ఈ మాట నేను చచ్చేవరకు అంటూనే ఉంటానని నీకు తెలుసు కనుక మళ్ళీ అన్నాను.

మరిదిగారు ఎంతదూరం నడవగలరో, మెట్లు దిగగలరో లేదో, నిద్ర లేకపోతే ఎలా ఉంటారో వివరంగా రాయి.

అక్క

—

ప్రియమైన అక్కకి,

అన్నావుగా, సరే. పడ్డాను.

నడక బాగానే నడుస్తారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుంటారు, పట్టుకుని "నెమ్మదిగా, పడతావు" అని నాకే చెబుతారు. నిద్ర లేకపోతే ఆ చిరాకంతా నేను పడాలి. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ అడుగుదామా అంటే, "ముందు మీ అక్కకి ఒకటి ఇప్పించు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కోప్పడకు.

రైలేమిటి, కారు పెట్టమను అంటున్నారు. దిగగానే పేరు రాసిన అట్ట పట్టుకుని డ్రైవరు నిలబడాలట. కొండల దాకా కారులోనే వెళ్తే గొప్పగా ఉంటుందని నిన్న పక్కింటి లెక్చరరుతో అన్నారు. ఆయన పాపం, "అమ్మగారికి కూడా మార్పుగా ఉంటుంది లెండి" అన్నాడు. ఈయన వెంటనే, "దీన్ని ఎక్కడికి తీసుకెళ్ళినా ఒకటే మాస్టారూ, గుడ్డివాడికి అద్దం చూపించినట్టు" అన్నారు. అని నాలిక్కరుచుకున్నారు, నా కోసం కాదు, తన కళ్ళు గుర్తొచ్చి. లెక్చరరు కాఫీ సగంలో వదిలేసి పారిపోయాడు.

నాకు ఏ సీటైనా పరవాలేదు. కిటికీ ఆయనకివ్వు.

నీ చిన్ని

—

ప్రియమైన చిన్నీ,

దీనితో పాటు పంపుతున్న కాగితాలు పోగొట్టకు. సారాంశం ఇక్కడ రాస్తున్నాను.

ఉదయం బయలుదేరే విమానం తీసుకున్నాను. నేరుగా వెళ్ళేది ఉంది. అది అర్ధరాత్రి దింపుతుంది. చీకట్లో చూపులేని మనిషిని తెలియని ఊళ్ళో అర్ధరాత్రి దింపడం ప్రయాణం కాదు, వదిలించుకోవడం. మధ్యలో మారే చోట తీరికగా సగంపూట ఉంటుంది. మరిదిగారు విసుక్కుంటారు, విసుక్కోనీ. దిగిన రోజున ఎక్కడికీ వెళ్ళవద్దు. రైలు స్టేషనుకు ఎదురుగానే హోటలు. అక్కడి దాకా టాక్సీ చెప్పాను. పేరు రాసిన అట్ట పట్టుకునే నిలబడతాడు. ఆ ముచ్చట తీరుతుంది.

ఇక రైలు. కారు వద్దన్నది నా మొండితనం కాదు. కారులో కూర్చున్నవారికి కనిపించేది ముందున్న లారీ. కొండలు చూడడానికే వేసిన పాత మార్గం ఒకటి ఉంది. బండి మెలికలు తిరుగుతూ మంచు అంచుదాకా ఎక్కి, అవతల లోయలోకి దిగుతుంది. పొద్దున ఎక్కితే సాయంత్రానికి ఊరు చేరుస్తుంది. కుడివైపు కిటికీ తీసుకున్నాను. ఏ వైపున కొండలు వస్తాయో ఆ రైల్వే వారికి రాసి కనుక్కున్నాను. వారు పటం గీసి మరీ పంపారు. ఆ వేళకు ఎండ కూడా మీ వెనకనుంచి పడుతుంది. బలహీనమైన కళ్ళకు ఎదురెండ పనికిరాదు.

ఒక హెచ్చరిక. అదే ప్లాట్‌ఫారం మీదికి, కాసేపు ముందుగా, అదే ఊరికి వెళ్ళే వేగం బండి వస్తుంది. మధ్యాహ్నానికే చేరుస్తుంది. అది కొండ ఎక్కదు. సొరంగంలోంచి కొండ కింద పోతుంది. లోపలికి వెళ్ళేదాకా చెట్లు, బయటికి వచ్చాక మిద్దెలు, నడుమ చీకటి. ఎవరు ఎంత మర్యాదగా చెప్పినా అందులో ఎక్కవద్దు.

నేను టైంటేబుళ్ళు వేసిన మార్గాలన్నిటిలోకీ ఇది అందమైనది. ఈ మాట మరిదిగారికి చెప్పవద్దు.

అక్క

—

ప్రియమైన అక్కకి,

క్షేమంగా తిరిగొచ్చాం. ఉత్తరం ఆలస్యమైంది, సామాను సర్దుకోవడమే సరిపోయింది.

అంతా నువ్వు వేసినట్టే జరిగింది. అట్ట పట్టుకున్న డ్రైవర్ని చూసి ఈయన ఎంత పొంగిపోయారో. స్టేషను ఎదురుగా హోటలు, పొద్దున్నే రైలు. కొండల సంగతి ఏం చెప్పను. ఎండ వెనకనుంచి పడింది. బండి మెలికలు తిరుగుతూ మంచు అంచుదాకా ఎక్కింది. చాలా అందమైన మార్గం. ఊరు చేరేసరికి ఆకలి దంచేస్తోంది. హోటల్లో మధ్యాహ్నం భోజనం మూసే వేళ, బతిమాలితే వేడివేడిగా పెట్టారు. ఆ తర్వాత మూడు రోజులూ వాన. గదిలోనే ఉండి, అక్కణ్ణించే తిరుగు విమానం ఎక్కాం.

ఈయన బాగా నెమ్మదించారు. నీకు థాంక్స్ చెప్పమన్నారు.

నీ చిన్ని

—

చిన్నీ,

పొద్దున ఎక్కితే సాయంత్రానికి చేరే బండిలో వెళ్ళినవారు అదే ఊళ్ళో మధ్యాహ్నం భోజనం ఎలా చేశారు?

కొండలను వర్ణించడానికి నా ఉత్తరంలోని మాటలు నాకే తిరిగి పంపావు. చూసిన మనిషికి తన మాటలు ఉంటాయి.

స్టేషనులో ఎవరో దారి తప్పించి ఉంటే అలాగని రాయి. అలా కాకపోతే, ఎలాగో అది రాయి.

అక్క

—

అక్కా,

ఎవరూ దారి తప్పించలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి నేనే టికెట్లు మార్పించాను. నీ కాగితాలు నా సంచి దాటలేదు, ఏ బండి ఎప్పుడు చేరుస్తుందో ఆయనకి తెలియదు. ఆయన బెంచీ మీద కూర్చుని, పక్కన ఎవరో మన భాష మాట్లాడే దంపతులు దొరికితే వాళ్ళకి చెబుతున్నారు: "మా ఆవిడకి ఇలాంటివి పట్టవు. ఒకసారి సముద్రానికి తీసుకెళ్తే మొహం వేలాడేసుకుని నా సెలవంతా పాడుచేసింది."

అది ఏ సెలవో తెలుసా? నీ టెలిగ్రాం వచ్చిన సెలవు.

నేను బండి తప్పించుకోలేదక్కా. ఆ పొద్దున పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఈయన స్టేషనుకెళ్ళి టికెట్లు మర్నాటికి మార్చేసి వచ్చి అప్పుడు చెప్పారు. పడవ షికారుకి డబ్బు కట్టేశారట. "ఒక్కరోజులో ముసలావిడకి ఏమవుతుంది" అన్నారు. ఆ పడవలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేపల్ని చూపించారు. నాకు అమ్మ కడచూపు దక్కలేదు. వచ్చాక నువ్వు తిట్టావు, నేను నోరెత్తలేదు. మొగుడు వెళ్ళనివ్వలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది. నీలాంటి అక్క ముందు మరీనూ.

కౌంటర్ దగ్గర అదంతా ఆలోచించానని అనుకోకు. టికెట్లు చాపాను, కౌంటర్లోవాడు మార్చాడు. కొండ కింద పోయే రైలుందని నాకు చెప్పింది నువ్వేగా.

సొరంగం వచ్చేసరికి ఈయన రెండు చేతులూ కిటికీకి ఆనించి మొహం పెట్టి ఉన్నారు. "కొండలొచ్చాయా? నాకేం కనిపించట్లేదేమిటే?" అన్నారు. "వచ్చాయి, ఎంత తెల్లగా ఉన్నాయో, చూడండి" అన్నాను. ఆయన కళ్ళు నులుముకున్నారు. మళ్ళీ చూశారు. "చూస్తున్నా. నల్లగా ఉంది. ఇప్పుడే పోవాలా ఈ కళ్ళు?" అన్నారు. నేను చెబుతూనే ఉన్నాను, ఆ కొన మీద మబ్బుంది, ఈ పక్క మంచు మెరుస్తోంది అని. బయటికొచ్చాక చూపు తిరిగొచ్చింది. డాక్టరు ముందే చెప్పాడుగా, మధ్యమధ్య చీకటి కమ్ముతుందని. కొండల దగ్గరే తన కళ్ళు మోసం చేశాయని ఆయన నమ్మకం. ఏడ్చారు, చప్పుడు లేకుండా. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. బాగా చూశాను.

అప్పట్నించీ తన కళ్ళని నమ్మడం లేదు. కనిపించే వాటిక్కూడా నన్నే అడుగుతారు. "ఇది మెట్టేనా? అది తెలుపేనా?" నేను ఏది చెబితే అదే. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నా మాటకి విలువొచ్చింది. దీన్ని నా దగ్గర్నించి లాక్కోకు.

చిన్ని

—

చిన్నీ,

అమ్మ విషయంలో నిన్ను ఇన్నేళ్ళుగా అన్న మాటలు తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. అవన్నీ నోరు మూసుకుని నాచేత అనిపించినందుకు మాత్రం నిన్ను క్షమించను.

నువ్వు బజారుకు వెళ్ళే వేళ చూసుకుని నిన్న మీ ఇంటికి వచ్చాను. మూడంతస్తులు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో నీకు అనవసరం. తలుపు తీసి మరిదిగారు, "వదినా, మీరేనా? మీ చేతిలో ఉన్నది నల్ల గొడుగేనా, నాకలా కనిపిస్తోందా?" అన్నారు. గొడుగేనన్నాను. కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగాను.

"కొండల దగ్గర చీకటి కమ్మినప్పుడు చెవులు మూసుకుపోయాయా?"

"పోయాయి. ఎందుకు?"

"బండి చప్పుడు?"

"ఒక్కసారిగా దగ్గరకొచ్చేసింది, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు."

"పెట్టెలో దీపాలు వెలిగాయా?"

"నెత్తిమీద పసుపుగా ఏదో మసక…"

"పట్టపగలు రైల్లో దీపాలు ఎందుకు వేస్తారు మరిదిగారూ?"

ఆయన అరచేతులు చెవులకు ఆనించి తీశారు. మీ వంటింట్లో కొళాయి కారుతోంది, బాగుచేయించు. తరువాత "సొరంగం" అన్నారు. ఆపైన, "అయితే నా కళ్ళు పోలేదు" అన్నారు. ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా వెలిగింది. నీ పేరు ఎత్తలేదు. టికెట్లు ఎవరు మార్చారని అడగలేదు. నా చెయ్యి పట్టుకుని, "వదినా, మళ్ళీ వెయ్యండి. ఇంకా కొన్ని నెలలు చూపుంది. మీ చెల్లెలితో నేను వెళ్ళను, మీరే తీసుకెళ్ళండి. మీరెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను," అన్నారు. ఈ మనిషి నన్ను దేనికైనా బతిమాలడం అదే మొదలు.

"అమ్మ పోయిన రోజున టికెట్లు మార్చింది మీరేనా?" అని అడిగాను.

"ఎప్పటి మాట వదినా అది," అన్నారు. మళ్ళీ అడిగాను. "ఒక్కరోజే కదా అనుకున్నాను," అన్నారు.

నా షరతు ఆయనకూ వర్తిస్తుందని చెప్పాను. నేను వేసిన బండిని మార్చినవారికి రెండోసారి వేయను. ఆయన ఇంకా బతిమాలుతుండగానే లేచి వచ్చాను. మెట్లు దిగుతుంటే తలుపు దగ్గర నిలబడి, "వదినా, కనీసం ఆ కొండలు ఎలా ఉంటాయో చెప్పిపొండి" అంటున్నారు. నేను చూడలేదన్నాను.

వేరెవరి చేతనైనా వేయించుకోవచ్చని నువ్వు అంటావు. వేయించు. ఒంటరిగా ఆయన వెళ్ళలేరు. నీ చెయ్యి పట్టుకుని ఇక ఏ బండీ ఎక్కరు. ఒకవేళ ఎక్కినా, నిజంగా కొండలే ఎదురుగా నిలబడినా, అవి కొండలని నువ్వు చెబితే నమ్మరు. నీకు వచ్చిందన్న విలువ నిన్న మధ్యాహ్నంతో సరి. లాక్కోవద్దన్నావు. అది నీది కాదు.

ఒకరు చేసింది ఇప్పుడు ఇంకొకరికి తెలుసు. ఉన్న చూపుతో మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోండి.

నేను ఎల్లుండి బయలుదేరుతున్నాను, ఒక్కదాన్నే. ఆ పాత మార్గంలో కుడివైపు కిటికీ దొరికింది. వచ్చాక మీ ఇద్దరిలో ఎవరు అడిగినా ఆ కొండలు ఎలా ఉన్నాయో చెప్పను.

అక్క