కార్డు ఆయనది, క్లాసు నాది

శుక్రవారం, నవంబరు 10, 2006. అబుదాబి.

సొంత బోటు నడుపుకునేవాళ్లకి భద్రతా క్లాసు తప్పనిసరి అన్నప్పుడు, నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, తన బదులు బోటు కడిగే నన్ను పంపాడు. రెండు రోజులు ఏసీ గదిలో కూర్చోవచ్చు కదా అని సంబరంగా వెళ్లాను. ఆయన పేరు పిలిస్తే నేనే చెయ్యెత్తాను. పరీక్షా నేనే రాశాను. పాసైనందుకు ఇచ్చిన కార్డు మాత్రం ఆయన జేబులో ఉంది.

ఈరోజు మధ్యాహ్నం అస్ర్ నమాజు తర్వాత తన పిల్లలు ముగ్గురినీ బోటెక్కించాడు. లైఫ్ జాకెట్లు మాసిపోతాయని ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉంచాడు.

“అర్బాబ్, బచ్చోంకా జాకెట్...” అన్నాను.

“కార్డ్ హై నా, ఖలాస్! రస్సీ ఖోలో,” అన్నాడు.

తాడు విప్పాను.

“నీకెందుకబ్బయా? నీ పాస్‌పోర్టు ఆయన కాడే ఉండాది,” అన్నాడు పక్క బోటులో పనిచేసే మస్తానన్న. నిజమే. అయినా వాళ్లు తిరిగొచ్చేదాకా జెట్టీ మీంచి కదల్లేకపోయాను.

క్షేమంగానే వచ్చారు. చిన్నపిల్ల తడి జుట్టుతో నవ్వుతూ నాకు చెయ్యూపింది. వచ్చే శుక్రవారం తన స్నేహితురాళ్లూ వస్తారట.

పిల్లలకి జాకెట్లు లేకపోతే ఏం చేస్తావని పరీక్షలో అడిగారు. తాడు విప్పను అని రాశాను. దానికి పూర్తి మార్కులు వేశారు.