కూరగాయల వ్యానులో ఓటర్లు

3 మే 1967
ఒక్క ఓటుతో గెలిచినవాణ్ణి ఊరు ఎన్నుకున్నట్టేనా? యూనివర్సిటీలో మా ఊరి కౌన్సిల్ చరిత్ర మీద థీసిస్ రాసినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. 1884లో ఓట్లు సమానమైతే, మేయరు తన ఓటు సొంత బావమరిదికి వేసి గెలిపించాడు. ఆ బావమరిదే కెనాల్ వీధిలో ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కోడానికి వాష్‌హౌస్ కట్టించాడు. ఇప్పుడు కౌన్సిల్ దాన్ని మూసేస్తానంటోంది. అందుకే నలభై నాలుగేళ్ళ హిస్టరీ టీచర్ని, ఎలక్షన్లో నిలబడ్డాను. పోటీ కూరగాయల కొట్టు ఎంట్విజిల్ గారితో. మూయాలన్న తీర్మానం ఆయనదే.

8 మే
వాష్‌హౌస్‌లో ప్రచారం. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారాయి. గెలిస్తే ఏం చేస్తావమ్మా అని దుప్పట్లు ఉతుకుతున్న ఎడ్నా పిల్లింగ్ అడిగింది. అన్ని వైపులా ఆలోచించి చెప్తానన్నాను. నీ ఆలోచన తెమిలేలోగా నా దుప్పట్లు ఆరిపోతాయి, ముందు ఈ కొస పట్టుకుని పిండు తల్లీ అంది.

పిండాను.

11 మే, సాయంత్రం
పోలింగ్. పొద్దుట్నుంచీ కుండపోత. వాష్‌హౌస్ ఆడవాళ్ళు మూటలతో గుమ్మంలోనే ఆగిపోతే, ఎంట్విజిల్ గారే వ్యాను తెచ్చి, బంగాళాదుంప బస్తాలు దింపి, విడతలు విడతలుగా బూత్‌కి చేర్చారు. మేం మీకు వెయ్యమండీ అని ఎడ్నా మొహం మీదే చెప్పిందట. తెలుసులే, ఆ క్యాబేజీల మీద కూర్చోకు అన్నారట. ఎంట్విజిల్ గారి ఆవిడా ఎక్కింది, మూటతో సహా. ఇంట్లో బట్టలుతికే మెషీన్ కొనిచ్చారు గానీ దానికి కబుర్లు రావుగా అందట.

12 మే
ఇద్దరికీ 743. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. ఇప్పటి రూలు ప్రకారం టౌన్ క్లర్క్ మా పేర్లు రాసిన రెండు చీటీలు తన టోపీలో వేసి ఒకటి తీశాడు. నాది. ఎంట్విజిల్ గారు చెయ్యి కలిపి, టోపీకి నీ మీదే మనసైందమ్మా అన్నారు.

13 మే
టీ కూడా సయించలేదు. టోపీలోంచి వచ్చినదాన్ని, ఊరి తరఫున ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? ఎడ్నాతో అంటే, మేయరు బావమరిది కంటే నయమేగా అంది.

25 మే
వాష్‌హౌస్ నిలిచింది. కౌన్సిల్లో ఒక్క ఓటు తేడా. చెయ్యెత్తే ముందు నేను క్షణం కూడా ఆలోచించలేదు.

26 మే
బూత్ గుమ్మంలో ఓటేసినవాళ్ళకి మావాళ్ళు టిక్కు పెట్టిన జాబితా చూశాను. ఎంట్విజిల్ గారి పేరు పక్కన టిక్కు లేదు. ఆయన ఓటు పడుంటే ఆయనకి 744, నాకు 743. కొట్టుకెళ్ళి అడిగాను. మీవాళ్ళని మోస్తూ మర్చిపోయానమ్మా అన్నారు, ఉల్లిపాయలు తూస్తూ.

బూత్ ఆయన కొట్టుకి ఎదురుగానే. ఆవేళ రాత్రి తొమ్మిదిదాకా తెరిచే ఉంది.

మర్చిపోయారో, మానేశారో నాకు తేలడం లేదు. ఏది నిజమైతే బాగుండునో, అదీ తేలడం లేదు.