రాష్‌రిగ్ కూలి ఇళ్ళ బావి గురించి

రాష్‌రిగ్ వ్యవసాయ క్షేత్రం,
బెరిక్‌షైర్,
20 మార్చి 1874.

పారిష్ ఆరోగ్య తనిఖీ అధికారి గారి సముఖమునకు,

విషయం: కూలి ఇళ్ళ బావిని మూయించి, గుర్రాలకిచ్చే నీటిని మాకూ ఇప్పించమని కోరుట గురించి.

అయ్యా,

నేను ఇక్కడ నాగలి దున్నే ఏడమ్ పర్వెస్ భార్యను. ఇళ్ళ వరుసలో మూడోది మాది. అధికారులకు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

1. పేడకుప్ప బావికి ఎగువన ఉన్నది. వాన పడ్డ మర్నాడు నీళ్ళు టీ రంగులో వస్తాయి. రెండేళ్ళ క్రితం గుర్రాలు ఆ నీళ్ళకు మూతి పెట్టి వదిలేశాయట. వాటికి కొండ ఊట నుంచి గొట్టం వేయించారు. ఆ గొట్టం కింద మేము బాల్చీ పెట్టరాదు.

2. ఏటా మే నెలలో కూలి కుటుంబాలు మంచాలు, కోళ్ళు బండికెత్తుకుని వేరే క్షేత్రాలకు పోవడం మా వాడుక. అందుచేత పాతవారికి ఏం జరిగిందో కొత్తవారికి తెలియదు. పోయిన నెల డన్స్ సంతలో, మాకు ముందు ఈ ఇంట్లో ఉన్న అలిసన్ హోగర్త్ కలిసింది. మూడో ఇల్లనగానే గుడ్లబుట్ట కింద పెట్టింది.

"ఇంకా ఆ బావి నీళ్ళేనా అమ్మాయీ? పసివాళ్ళున్నారా?"

ఒక పాప ఉందన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత వాకబు చేస్తే ఈ ఇంట్లోనే ఆమెకు ఇద్దరు పిల్లలు, అంతకు ముందున్నవారికి ఒకరు పోయారని తెలిసింది. ఎవరికి వారు తమ తలరాత అనుకుని బండి కట్టుకున్నారు.

3. నా భర్త పని మేస్త్రీకి చెప్పుకుంటే, "మీ ఆవిడకు పన్నీరు పంపించమంటావా ఏడమ్?" అన్నాడు. అందరూ నవ్వారట. ఆ వారమే యజమాని వచ్చి, ఇంకో ఏడాది ఉంటావా అని అడిగారు. అలా అడగని వారికి మే నెలలో ఇల్లుండదు. నా భర్త ఒప్పుకుని చెయ్యి కలిపాడు. కలిపాక మధ్యలో పోతే కోర్టుకీడుస్తారు. వాగు రెండు మైళ్ళు. ఒప్పందంలో నా పొలం పని కూడా ఉన్నది కనుక వెళ్ళి తెచ్చుకునే వీలు లేదు.

4. మా ఇసొబెల్‌కు రెండేళ్ళు. మంగళవారం నుంచి జ్వరం, విరేచనాలు. ఊరికే దాహం అంటున్నది. ఆ నీళ్ళే తాగిస్తున్నాను. వేరే లేవు.

కావున తమరు ఈ మనవిని చిత్తగించి, ఈ వారంలోనే వచ్చి చూడవలెనని, రాసినది నేనని ఇక్కడ ఎవరికీ తెలియనీయవద్దని వేడుకుంటున్నాను.

ఇట్లు తమ విధేయురాలు,
ఎల్స్పెత్ పర్వెస్

తా.క.: దారిన పోయేవారిలా వచ్చి, మా తలుపు తట్టి నీళ్ళడగండి. మా అత్తగారు పక్కనే ఉంటారు. "వాడి పనికి ఎసరు పెట్టావంటే ఊరుకోను" అని ముందే చెప్పారు. నేను గ్లాసు తెచ్చిచ్చి, నీళ్ళు బాగుంటాయండీ అంటాను. అయ్యా, నేను ఏం చెప్పినా మీరు తాగవద్దు.