సీతాబాయి కోసిన రిబ్బన్లు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు, గుట్టకింది తండా నివాసి వాల్యా పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గుట్టల పరుగు పోటీ రిబ్బన్లు దొంగిలించినదని నా భార్య సీతాబాయిపై పెట్టిన కేసు ఎత్తివేయించుట, కాని పక్షంలో ఆమె బొమ్మను పోటీ పోస్టరు నుండి తీయించుట గురించి.

1. నేను బడికి పోలేదు. మేకల వెంట తిరుగుతూ అక్షరాలు నేర్చుకున్నాను. నలుగురిలో మాట్లాడలేను గనుక రాసి ఇస్తున్నాను.

2. పోయిన చలికాలం జనగామ బట్టల వ్యాపారి చంద్రమోహన్ గారు మా అడవిలో గుట్టలెక్కి దిగే దూరపు పరుగు పోటీ పెట్టినారు. దారి గుర్తుకు చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టించినారు. తండాలో ఎవరికీ చెప్పలేదు. మా దగ్గర చెట్టుకు గుడ్డ కట్టినారంటే ఒకటే అర్థం. ఇదివరకు ఒకసారి అటవీశాఖ వాళ్లు అట్లాగే కట్టిపోయినారు, వెనకే జేసీబీ వచ్చి పత్తిచేను నడుమ కందకం తీసినది. ఈసారి రిబ్బన్లు మేము దున్నుకునే చెలక గట్టున ఇప్పచెట్టు దాకా వచ్చినవి. సీతాబాయి కొడవలి పట్టుకొని పోయి, దొరికినన్ని కోసి పొయ్యిలో వేసినది. పొయ్యిలో వేసినది దొంగసొత్తు ఎట్లయినదో తెలియదు.

3. పరుగువాళ్లు దారి తప్పి వాగు అవతల చెదిరిపోయినారు. పొద్దుగూకే వేళ వాళ్లను వెతికి తెచ్చినది కూడా సీతాబాయే. కాలు మడతపడిన ఒకామెను నేను వీపున మోసినాను. మా వాకిట్లో అందరికీ జొన్నరొట్టె, మిరపతొక్కు పెట్టినది. చంద్రమోహన్ గారూ తిన్నారు. అప్పుడు ఆమె తానే చెప్పుకున్నది.

"సారూ, ఆ గుడ్డలు కోసింది నేనే. మా భూమి గుంజుకుంటరనుకున్న."

"అయ్యో అక్కా, గిది ఉరుకుడు ఆట. నీ భూమి ఎవలు గుంజుకుంటరు? ఇంకో రొట్టె వెయ్యి" అని నవ్వినారు.

వేసినది.

4. తెల్లవారి, పోటీ చెడిందని పరుగువాళ్లు నిలదీస్తే, తప్పు తనది కాదని చూపడానికి చంద్రమోహన్ గారు ఆమెపై ఫిర్యాదు ఇచ్చినారు. రొట్టె పెడుతూ చెప్పిన మాటనే ఒప్పుకోలుగా రాయించినారు. మా చెలక పట్టాకు ఆమె పేరున దరఖాస్తు పెట్టుకున్నాము, కేసున్న మనిషికి పట్టా కాదని ఆఫీసులో అంటున్నారు. ఏ చెలక కోసం రిబ్బన్లు కోసినదో ఆ చెలకే పోయేటట్టున్నది.

5. ఇప్పుడు రాబోయే పోటీ పోస్టరు మీద సీతాబాయి బొమ్మ వేసినారు. చేతిలో రొట్టె. కింద ‘అడవి తల్లి ఆతిథ్యం’ అని రాత. మహబూబాబాద్ బస్టాండులో చూసి నా బావమరిది తుల్సీరాం ఫోన్ చేసినాడు. "బావా, అక్క సినిమాల దిగిందా, జైలుకు పోతున్నదా? ఒక్కటి చెప్పు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసినాను.

కావున, ఆమె దొంగ అయితే బొమ్మ తీయించగలరు. తల్లి అయితే కేసు తీయించగలరు. రెండూ ఉంచే పక్షంలో, ఈసారి అందరికన్నా ముందు చంద్రమోహన్ గారే పరుగెత్తవలెనని ఉత్తర్వు ఇప్పించగలరు. రిబ్బన్లు మేము ముట్టము. కోతులు మా మాట వినవు. దారి తప్పితే ఆయన కేక వేయవచ్చును, వాగు ఇవతలికి బాగా వినబడుతుంది. మేము వాకిట్లో కూర్చొని వింటాము. లేవము. ఇది కోపంలో రాసినది కాదు, బాగా ఆలోచించి రాసినది.

తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వాల్యా

మళ్లీ మనవి: ఇది చదివి వినిపిస్తే సీతాబాయి ఒప్పుకోలేదు. "మనిషి గుట్టల మొత్తుకుంటుంటే ఎట్ల కూసుంటవ్? నువ్వు కూసో. నేను పోయి తోలుకొస్త" అన్నది.

"మరి రొట్టె?" అని అడిగినాను.

"పొయ్యి ముట్టియ్యి" అన్నది.