మర్యాదగా రాసిన ఫిర్యాదులు

అక్కయ్యకు,

మా లిఫ్టుల కంపెనీలో మూడు నెలలుగా ఫిర్యాదులన్నీ ఏఐ చదివి, ఏది తొందరో అదే తేలుస్తోంది. పని సగం తగ్గిందని అందరం సంబరపడ్డాం.

మొన్న ఒక పెద్దాయన "కాస్త కిర్రుమంటోంది, తీరిక చూసుకుని రండి" అని రాస్తే, అది పక్కన పెట్టేసింది. మనసొప్పక మెకానిక్‌ను పంపాను. ఇనుపతాడు సగం తెగి ఉందట.

మేనేజరు ముఖం పాలిపోయింది. "ఇకనుంచి నువ్వు సరేనంటేనే దాని మాట చెల్లుతుందమ్మా. అది పక్కన పెట్టినవన్నీ మళ్లీ చదువు" అన్నారు.

పొద్దున్నుంచి చదువుతున్నాను. వాటిలో మీ లిఫ్టు గురించి నువ్వు రాసింది కూడా ఉంది. నువ్వూ అంతే మర్యాదగా రాశావు. ఫోను చేస్తే ఎత్తడం లేదు.

ఈ ఉత్తరం తెచ్చింది మా మెకానిక్కే. అతను చూసి చెప్పేదాకా పిల్లలతో మెట్ల మీదుగానే దిగు.

నీ చెల్లి