పెండ్లి నుండి పటేలు లేవవలసిన గడియ

సోమన్నగూడెం,
చైత్రమాసం, ఫసలీ 1354.

తాలూకా తహసీల్దారు సాహెబు వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పెండ్లి విందు ఏ గడియకు ముగియవలెనో హుకుం దయచేయుట గురించి.

మాఘమాసంలో ఒక మంగళవారం తెల్లవారి, నేను ప్రార్థన చేసుకొని, వాకిలి ఊడ్చి, ఎడ్లకు కుడితి పెట్టించి, రొట్టెలు బెల్లంతో మెత్తగా నలిపి నాలుగు మలీద ముద్దలు చేసి ఆకులో చుట్టినాను. ముందురోజే మా తమ్ముని కొడుకు ఎల్లస్వామికి మా ఇంట పెండ్లి అయినది. కొత్తకోడలు పుష్పమ్మ తల్లి లేని పిల్ల. పెంచిన అవ్వ పుల్లమ్మ కట్టంగూరులో మంచాన పడి, "పెండ్లిచీరతోని ఒక్కపారి కండ్లకు చూపుండ్రి" అని కబురు పంపినది. పండ్లూడిన ముసలమ్మ గనుక మలీద. బండి కట్టినాము. బండి కదలలేదు. కారణములు మనవి చేయుచున్నాను.

1. మా ఊరి ఆనవాయితీ ప్రకారం పెండ్లినాడు పటేలు దొరవారు పందిరి ముందర మంచం వేయించుకొని కూర్చుందురు. వారు లేచి "ఇగ అయింది" అన్న తరువాతనే పెండ్లివారు పొలిమేర దాటవలెను. ఎప్పుడూ పొద్దుగూకకముందే లేచేవారు. ఈసారి మా పెండ్లికొడుకు కొత్త అంగీ తొడుక్కొన్నాడు. వారు లేవలేదు. రాత్రికి ఇంటికి పోయి పండుకొన్నను, మంచం మీద రుమాలు పెట్టి పోయినారు. రుమాలు ఉన్నదంటే వారు ఉన్నట్టేనట.

2. ఆ పొద్దుననే పోయి అడిగినాను. "దొరా, ముసలామె పాణం మీదున్నది. జర లేవుండ్రి." "నాకేం తొందర, అమృతీ? పెండ్లి మస్తుగున్నది. అంగీ తొడిగినోళ్లకు నాలుగొద్దుల పెండ్లి చేసే తాకత్ లేదా?" అన్నారు.

3. మా ఇంటి నీళ్లు ముట్టని వారు మా ఇంటి కోళ్లను తొమ్మిదింటిని, తమ మనిషితో వండించుకొని తిన్నారు. పదవది పొదుగుతున్న పెట్ట. గుడ్ల మీది నుంచి పట్టుకుపోయినారు.

4. బుధవారం మనిషి వచ్చి అవ్వ పోయినదని చెప్పినాడు. పుష్పమ్మ ఆ మంచం ముందర మోకరించినది. "సచ్చినామె యాడికి పోతది పిల్లా? నేను లేసినంక పో" అన్నారు. గురువారం లేచినారు. మేము పోయేసరికి మన్ను కప్పినారు. చీమలు పట్టిన మలీద ముద్దలను ఆ మన్ను మీదనే పెట్టి వచ్చినాము.

5. పుష్పమ్మ ఆ చీర మళ్లీ కట్టలేదు. దీనికి ఏమి అడుగవలెనో నాకు తెలియదు.

కావున పెండ్లి విందు పొద్దుగూకేసరికి ముగియవలెననియు, ఆ గడియ పటేలుకైనను మాకైనను ఒక్కటే అనియు హుకుం ఇప్పించవలెను. తొందర ఏమనగా, వైశాఖ శుద్ధ దశమి నాడు పటేలు వారి బిడ్డ పెండ్లి. నీళ్లు తేవడానికి, కట్టెలు కొట్టడానికి, ఎంగిలాకులు ఎత్తడానికి, చుట్టముల బండ్లు తోలడానికి మా వాడకు ఎప్పటివలె వెట్టి చెప్పినారు.

పగ దేవునికి విడువుమని మా చర్చి అయ్యగారు చెప్పుదురు. విడిచినాను. కూర్చుండుట పగ కాదు గదా.

నిన్న సాయంత్రం ప్రార్థన అయినాక ఇంటిల్లిపాది మాట్లాడుకొన్నాము. "అక్కా, కొట్టి సంపుతరు" అన్నాడు మా తమ్ముడు కాటమయ్య. పెద్దల నడుమ ఎన్నడూ నోరెత్తని పుష్పమ్మ, "కూసున్నోళ్లను ఎంతమందిని కొడ్తరు మామా?" అన్నది.

అంతట నిశ్చయమైనది ఏమనగా, మా వాడ అరువది మందిమి పోవుదుము. ముహూర్తం దాకా ఏ పనికీ తక్కువ చేయము. విందు మొదలుకాగానే పందిరి ముందర కూర్చుందుము. పుష్పమ్మ ఆ దినం ఆ చీర కట్టును. ఆమె లేచి "ఇగ అయింది" అన్న తరువాతనే లేతుము.

ఇది తాము చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అమృతమ్మ
(వేలిముద్ర కాదు, చేవ్రాలే)

తా.క.: ఆ పెండ్లికి తమరు కూడా దయచేయుచున్నారని తెలిసినది. తిరిగి నార్కట్‌పల్లి దాకా తమ బండి తోలవలసినది మా ఎల్లస్వామే. పరుపు వెంట తెచ్చుకొనుట మంచిది.