నాన్నా, ఆ పాటలో గేరు సరిగ్గానే పడింది

నాన్నా,

నువ్వు పోయిన ఏడాదికి నా మొదటి సినిమా విడుదలైంది. కార్ల రేసుల మధ్య నడిచే ప్రేమకథ. అందులో శబ్దాలన్నీ నేనే కూర్చాను. నిన్న అమ్మను తీసుకుని నందిగామలో మ్యాట్నీకి వెళ్లాను.

హీరో, హీరోయిన్ ఇద్దరూ రేసర్లే. పక్కపక్కన కార్లు నడుపుతూ ఒక పాట పాడుకుంటారు. మలుపు దగ్గర గేరు తగ్గించినప్పుడు ఇంజను గొంతు పెరగాలి కదా. దర్శకుడేమో, "ప్రేమపాటండి, అక్కడ ఆ శబ్దం తీసేయండి. ఎవరు గమనిస్తారు?" అన్నారు. జగ్గయ్యపేట షెడ్డులో బానెట్ ఎత్తకుండానే, చప్పుడు విని బండి జబ్బు చెప్పే నీ దగ్గర పెరిగినదాన్ని, ఎలా ఒప్పుకుంటాను?

"గమనించేవాళ్లు ఉన్నారండి. అది తీసేస్తే నా పేరు కూడా తీసేయండి," అన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన పాటను రెండుసార్లు విని, శబ్దాన్ని ఉంచేశారు.

నిన్న ఆ మలుపు రాగానే మా వెనక వరుసలో ఒకాయన, "బండి తెలిసినోళ్లే చేశారే ఇది. గేరు ఎక్కడ పడాలో అక్కడే పడింది," అని భార్యతో అన్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

విరామంలో ఆయన దగ్గరికి వెళ్లి, అది చేసింది నేనేనని చెప్పాను.

"మీకెలా తెలుసమ్మా ఇవన్నీ?" అన్నాడు.

"మా నాన్న పేటలో మెకానిక్ అండి."

"మరి ఆయనకి చూపించారా?"

అమ్మ అందుకుంది.

"ఆయన చెవే దీనికొచ్చిందండి," అంది.